కాడ తెగ్గోశాక ఏం గుర్తుపడతాం?

సంపాదకులకు నమస్కారం.

వానలు పడ్డాయంటే చాలు, ఫోన్లలో పుట్టగొడుగుల చిట్కాలు మొదలవుతాయి. కూరలో వేసిన వెండి చెంచా నల్లబడకపోతే తినొచ్చట. పురుగు తిన్నదైతే మనకూ ఫర్వాలేదట. రెండూ పచ్చి అబద్ధాలు. ప్రాణం తీసే అమానిటా రకం పుట్టగొడుగుల విషానికీ వెండికీ ఏ సంబంధమూ లేదు. పురుగులూ నత్తలూ వాటిని తిని నిక్షేపంగా తిరుగుతాయి. ఎంత ఉడికించినా ఆ విషం పోదు. సాధారణంగా ఆరు గంటలు దాటాక గానీ వాంతులు, విరేచనాలు మొదలుకావు. తర్వాత ఒక రోజు తగ్గినట్టే ఉండి, ఆపైన కాలేయం పాడవుతుంది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు.

మన్యం సంతల్లో పుట్టకొక్కులు, అంటే చెదల గూళ్ల మీద మొలిచే పుట్టగొడుగులు, అమ్మే ఆడవాళ్లు చిట్కాలతో గుర్తుపట్టరు. ఎక్కడ మొలిచిందో చూస్తారు, మొదలంటా తవ్వి తీస్తారు. పుట్టకొక్కు గొడుగు నడిమధ్య మొనదేలి ఉంటుంది. కాడ కింద వేరులాంటి తోక నేలలోకి, చెదలు పెంచుకునే బూజుగూడు దాకా దిగుతుంది. చాలా అమానిటాలకైతే కాడ మొదట్లో సంచిలాంటి తొడుగు ఉంటుంది. అంటే అసలు సాక్ష్యం మట్టిలోనే ఉంది. పట్నం బజారుకొచ్చేసరికి మట్టి అంటిందని ఆ భాగాన్నే కోసి పారేస్తున్నారు! పైనుంచి తీసిన ఫొటో చూసి పేరు చెప్పే యాప్‌లకూ ఆ మొదలు కనబడదు.

పార్కుల్లో, బడి ఆవరణల్లో గడ్డిలో లేచే పెద్ద తెల్ల గొడుగు సంగతీ చెప్పాలి. దాని మీద గోధుమరంగు పొలుసులుంటాయి. పేరు క్లోరోఫిల్లం. లేతగా ఉన్నప్పుడు అడుగు రేకులు తెల్లగా ఉండి మోసం చేస్తాయి, ముదిరాక ఆకుపచ్చ తిరుగుతాయి. తింటే కొద్ది గంటల్లోనే వాంతులు. గొడుగును కోసి, సగం తెల్ల, సగం నల్ల కాగితం మీద రేకులు కిందికుండేలా బోర్లించి, పైన గిన్నె మూసి రాత్రంతా ఉంచితే సిద్ధబీజాలు (విత్తనాల్లాంటి సన్నటి పొడి) రాలి ముద్ర పడుతుంది. ఈ క్లోరోఫిల్లంది ఆకుపచ్చ, పుట్టకొక్కుది లేత గులాబీ, అమానిటాది తెలుపు. గులాబీ పడిందని కూర వండెయ్యకండి, ఎంటోలోమా అనే మరో రకం పుట్టగొడుగుల ముద్రా ఆ రంగే, వాటిలో విషపువీ ఉన్నాయి. ఈ పరీక్ష కొన్నింటిని పక్కన పెట్టడానికే, తినడానికి అనుమతి కాదు. బడిపిల్లలకు మాత్రం ఇంతకంటే చవకైన ప్రయోగం దొరకదు. చేశాక చేతులు కడిగిస్తే సరి.

మార్కెట్ కమిటీలు అడవి పుట్టగొడుగులను మొదలు కోయకుండా అమ్మించాలి. మీ పత్రిక ఆ వెండి చెంచా చిట్కాను ఎప్పుడూ అచ్చువేయకూడదని నా కోరిక. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వానాకాలమంతా ఒక బోర్డు పెట్టించండి: పుట్టగొడుగులు తిని వాంతులైతే, ఎప్పుడు తిన్నారో డాక్టరుకు చెప్పండి, మిగిలినవి పారేయకుండా కాగితంలో చుట్టి తీసుకురండి, వండిన కూరైనా సరే.

— ఒక పాఠకురాలు, అనకాపల్లి