కూల్చే ముందు ఒకసారి సుత్తితో కొట్టి చూడండి

సంపాదకులకు నమస్కారం.

2025 జూలై 25న రాజస్థాన్‌లో ఝాలావాడ్ జిల్లా పిప్లోది ఊళ్లో బడి పైకప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. అప్పటి నుంచి మన దగ్గర కూడా ఒక మాట తరచూ వినబడుతోంది: పాత బడులన్నీ పడగొట్టి కొత్తవి కట్టేయాలని. తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది. నా మనవరాలు చదివేదీ సర్కారు బడిలోనే. అయితే పంచాయతీరాజ్ ఇంజినీరుగా ముప్పై ఏళ్లకు పైగా బడులకు ఎస్టిమేట్లు రాసి, ఎం-బుక్కులు (జరిగిన పని కొలతలు రాసే పుస్తకాలు) నింపి రిటైరైనవాణ్ణి కాబట్టి ఒక తప్పు ఒప్పుకుని మాట్లాడతాను.

తొంభైల్లో ఒక ఊరి ప్రాథమిక పాఠశాలకు నేను ‘శిథిలావస్థ’ అని రాసిచ్చాను. డంగు సున్నం గోడలు, టేకు దూలాలు, పైన బెంగుళూరు పెంకు. వానొస్తే రెండు చోట్ల కారేది, వాసాలకు కాస్త చెదలు. నిజానికి నాలుగు వాసాలు, ఓ రెండు వందల పెంకులు మారిస్తే సరిపోయేది. మరి ఎందుకలా రాశాను? రిపేరు ఎస్టిమేటంటే తలనొప్పి. పైకప్పు విప్పితే గానీ లోపల ఎంత పాడైందో తెలియదు. విప్పాక పని పెరుగుతుంది, మళ్లీ సవరించిన ఎస్టిమేటు పెట్టాలి, ఆపైన ఆడిట్ అభ్యంతరాలు. కొత్త గదికైతే పొడవు, వెడల్పు, రేటు వేసి సంతకం పెడితే అయిపోతుంది. కాంట్రాక్టరుకూ అదే సులువు, శిలాఫలకం కావాలనుకునేవాళ్లకూ అదే సులువు.

ఆ గోడలు పడగొట్టడానికి కూలీలకు గునపాలతో వారం పట్టింది. “దీన్నా సార్ శిథిలమన్నారు?” అని మేస్త్రీ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆ స్థలంలో కట్టిన రెండు శ్లాబు గదులను ఈమధ్య చూసొచ్చాను. పెచ్చులూడి చువ్వలు కనిపిస్తున్నాయి, ఒక గదికి తాళం వేసేశారు. అవి కట్టించిందీ నేనే.

కట్టడం వయసు చూసి తీర్పు చెప్పొద్దని అందుకే అంటున్నాను. పెంకు కప్పు పాడైతే ముందే చెబుతుంది: కారుతుంది, వంగుతుంది, కళ్లకు కనబడుతుంది. శ్లాబు అలా కాదు. పైన ఆకులు పడి నీళ్లు పోయే గొట్టం పూడుకుపోతుంది, ఎవరూ తీయరు, నీళ్లు నిలుస్తాయి. తేమ లోపలికి దిగి చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది, ఉబ్బి కింది కాంక్రీటును తోసేస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు గాలి వల్ల ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఈలోగా ఎవరో వచ్చి చక్కగా రంగులేసి బొమ్మలు గీసి వెళ్తారు. పైన పటారం లోన లొటారం. సుత్తితో మెల్లగా కొడితే బోలుగా మోగే చోటు ఎక్కడుందో మంచి మేస్త్రీకి తెలిసిపోతుంది. ఇంకా కచ్చితంగా చెప్పే పరీక్షలూ ఉన్నాయి, పాలిటెక్నిక్ సివిల్ విభాగాల చేత చేయించవచ్చు.

డబ్బు సంగతి కూడా చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన, సర్కారు బడులను బాగుచేసే నాడు-నేడు పథకం మొదటి విడతలో 15,715 బడులకు అయిన ఖర్చు సుమారు 3,669 కోట్లు. బడికి సగటున 23 లక్షలు. తెలంగాణలో 2022లో అలాంటిదే మన ఊరు-మన బడి పథకం ప్రకటించినప్పుడు 26,065 బడులకు 7,289 కోట్లన్నారు, అంటే 28 లక్షలు. ఇప్పుడు అక్కడ యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ గురుకులాలను ఒక్కోటి 200 కోట్ల అంచనాతో కడుతున్నారు. గురుకులం వేరు, ఊరి బడి వేరు, నిజమే. ఆ గురుకులాలు వద్దని నేననను. కానీ ఒక్కదాని అంచనాతో ఏడు వందల పైచిలుకు ఊరి బడులు బాగుపడతాయన్న లెక్క ఎవరో ఒకరు బల్ల మీద పెట్టాలి కదా.

కొత్తది కట్టక తప్పని చోట్లు లేకపోలేదు. పునాది కుంగినా, దూలాల్లో చువ్వలను తుప్పు తినేసినా, ఏటా వరద నీళ్లు నిలిచే గుంటలో బడి ఉన్నా రిపేరు దండగ. బాగు చేయడానికి అయ్యేది కొత్తదాని ఖర్చులో సగం దాటితే నేనైతే కొత్తదే కట్టమంటాను. కట్టేది మాత్రం పాత స్థలంలోనే, లేదా ఆ చుట్టుపక్కలే కట్టాలి. ఎవరో దాత స్థలం ఇచ్చారని ఊరి బయట హైవే అవతల కడితే ఒకటో తరగతి పిల్లని ఎవరు దాటిస్తారు? ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలని విద్యాహక్కు చట్టం నిబంధనలు చెబుతున్నాయి. ఆ కిలోమీటరు మధ్యలో నాలుగు వరుసల రోడ్డు ఉండొచ్చో లేదో చెప్పలేదనుకోండి.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది సగంలో ఆగిన పని. పాతది పడగొట్టేస్తారు, కొత్తది పిల్లర్ల దాకా లేస్తుంది, బిల్లులు రావు, ప్రభుత్వం మారుతుంది. పిల్లలు గుడి మండపంలోనో వేపచెట్టు కిందో కూర్చుంటారు. రెండేళ్లు వాన తగిలిన ఆ చువ్వలకే మళ్లీ కాంక్రీటు పోస్తారు. కొత్త గదులు చేతికి వచ్చేదాకా, ప్రమాదం లేని పాత గదులను ముట్టుకోకూడదు.

అధికారులను నేను కోరేది ఇది. ఏటా వేసవి సెలవుల్లో ప్రతి బడికీ ఒక కాగితం రాయండి: ఎప్పుడు కట్టారు, కప్పు ఏమిటి, ఎవరు పరీక్షించారు, ఏ గదిలో కూర్చోవచ్చు, ఏ గదిలో కూడదు. కింద సంతకం చేసి బడి గోడకే అంటించండి. సంతకం ఉంటే నాలాంటివాడు ‘శిథిలం’ అని రాసే ముందు ఒకసారి నిచ్చెనెక్కి చూస్తాడు.

ఇంకొకటి. మన ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం పథకం కింద బడికెళ్లే ఒక్కో బిడ్డకు ఇచ్చే 15 వేలల్లో 2 వేలు బడి నిర్వహణ, మరుగుదొడ్ల పేరిట మినహాయించి 13 వేలు తల్లి ఖాతాలో వేస్తున్నారు. మినహాయించడం తప్పు కాదు. మా ఊరి బడిలో నూట పది మంది పిల్లలున్నారు. వాళ్ల పేరిట ఆగిన డబ్బులో శ్లాబు మీద గొట్టాలు శుభ్రం చేయడానికి ఎంత పెట్టారో ఆ కాగితం మీదే రాస్తే, వచ్చే వానాకాలం లోపు నేనే నిచ్చెన తెచ్చి సరిచూస్తాను.

— ఒక విశ్రాంత ఇంజినీరు, ప్రకాశం జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)