వార్షిక నివేదిక 2025: జతిలువిహ్‌లో రెండు రోజులు

జకార్తాలోని మన తెలుగు సంఘం సభ్య కుటుంబాలందరికీ నమస్కారం.

మామూలు సంగతులు ముందు, క్లుప్తంగా. సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ, దీపావళి జకార్తాలోనే జరుపుకున్నాం. ఉగాది పచ్చడి కోసం వేపపువ్వు ఎండబెట్టి ఊరి నుంచి మోసుకొచ్చినవారికి కృతజ్ఞతలు. పిల్లల ఆదివారపు తెలుగు తరగతి నడుస్తోంది. పరీక్షల నెలల్లో హాజరు పలచబడుతోంది, దానికి మందు ఇంకా దొరకలేదు. బతుకమ్మనూ దీపావళినీ ఒకే సాయంత్రంలో ఇరికించారన్న ఫిర్యాదు న్యాయమైనదే. వచ్చే ఏడాది రెండింటికీ విడివిడిగా హాలు తీసుకుంటాం.

ఈ ఏడాది మనం చేసిన పెద్ద పని మే నెలాఖరు సెలవుల్లో బాలి ద్వీపంలోని జతిలువిహ్ అనే వ్యవసాయ గ్రామానికి వెళ్లిరావడం. ‘ఎప్పుడూ సముద్రపు ఒడ్డేనా, ఇక్కడి రైతులెలా బతుకుతారో ఒక్కసారి చూడొద్దా’ అని కిందటి సర్వసభ్య సమావేశంలో అడిగిన పెద్దాయన మాట మన్నించి వెళ్లాం. ఆయన గోదావరి డెల్టాలో చాలా ఏళ్లు వరి పండించి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నారు. రాలేకపోయినవారు వివరంగా రాయమన్నారు కాబట్టి ఈ భాగం కాస్త పొడుగైంది.

బాలి రాజధాని దెన్‌పసార్ నుంచి రెండు గంటల ప్రయాణం. తబానాన్ జిల్లా, పెనెబెల్ మండలం. 2,276 మీటర్ల బతుకారు కొండకు దక్షిణపు వాలులో, దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది ఊరు. బండి దిగగానే చలికి పిల్లలు శాలువాలు అడిగారు. ఎదురుగా కొండ పాదం నుంచి లోయ దాకా మెట్లు మెట్లుగా మడులు. మేం వెళ్లేసరికి ఎర్ర బియ్యం పంట పొట్ట విచ్చి కంకి తొడుగుతోంది. అందరూ ఫోన్లు తీశారు. పెద్దాయన మాత్రం వంగి, మడి గట్టు కింద నీళ్లు ఏ పక్కకు పారుతున్నాయో చూస్తూ నిలబడ్డారు.

ఆ నీళ్ల లెక్కే ఈ ఊరి అసలు కథ. బాలిలో మడులకు నీరు పంచుకునే రైతుల సంఘాన్ని సుబాక్ అంటారు. ఇలాంటివి ద్వీపంలో సుమారు 1,200 ఉన్నాయి. ఒకే నీటి వనరును పంచుకునే రైతులు ఒక్కో సంఘంలో 50 నుంచి 400 మంది దాకా ఉంటారు. ఈ ఏర్పాటు 9వ శతాబ్దం నాటికే ఉంది. బతుకారు వాలులోని మడుల ప్రస్తావన 10వ శతాబ్దపు శాసనంలో కనిపిస్తుంది. 2012లో యునెస్కో బాలిలోని ఐదు చోట్ల, మొత్తం 19,500 హెక్టార్లను ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు జతిలువిహ్ మడులు కూడా అందులో చేరాయి.

సుబాక్ పెద్దను పెకసే అంటారు. రైతులే ఎన్నుకుంటారు. కాబట్టి ఆయనను మన ఊళ్లలో వంశపారంపర్యంగా నీళ్లు వదిలే నీరటికాడితో పోల్చలేం. ఎవరెప్పుడు దమ్ము చేయాలి, ఎప్పుడు నాట్లు వేయాలి, కాలువ పూడిక తీతకు ఎవరు రావాలి, రానివారికి జరిమానా ఎంత అన్నవన్నీ అవిగ్-అవిగ్ అనే కట్టుబాట్లలో ఉంటాయి. ఇండోనేషియా భాష బాగా వచ్చిన మన కోశాధికారి దుబాసీగా కూర్చున్నారు. పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: చివరి మడికి నీళ్లందుతాయా?

మాతో మాట్లాడుతున్న రైతు జవాబు చెప్పకుండా మమ్మల్ని కాలువ దగ్గరికి తీసుకెళ్లారు. కాలువకు అడ్డంగా ఒక మొద్దు, దాని మీద పక్కపక్కనే గాళ్లు. దీన్ని తెంబుకు అంటారు. గాళ్లన్నిటి లోతూ ఒకటే, వెడల్పులే వేరు. ఎక్కువ మడులున్న వైపు వెడల్పు గాడి, తక్కువ మడులున్న వైపు సన్న గాడి. కాలువ నిండుగా పారినా, వేసవిలో సన్నగిల్లినా ఎవరి వాటా వారికి అదే పాళ్లలో పోతుంది. తలుపులు లేవు, తాళాలు లేవు. రాత్రిపూట పలుగు పట్టుకుని కాపలా కాయాల్సిన పనీ లేదు. పెద్దాయన మొద్దు మీద చెయ్యి వేసి, గాళ్ల వెడల్పు వేళ్లతో కొలుచుకుని, ‘దీనికోసం మా ఊళ్లో తలలు పగిలాయి’ అన్నారు. కోశాధికారి ఆ మాట అనువదించలేదు.

సరే, ఎగువ రైతుకు దిగువవాడి గోడు ఎందుకు? మాకూ ఇదే అనుమానం. దీనికి నీటి గుడిలో అంతా కలిసి చేసే పూజ ఒక కారణం, పురుగు ఇంకో కారణం. చుట్టుపక్కల మడులన్నీ ఒకేసారి నాటి ఒకేసారి కోస్తే, కోత తర్వాత పురుగుకు తిండి దొరకదు. దిగువవాడికి నీళ్లు ఆలస్యమై వాడు వెనకబడితే, అక్కడ పెరిగిన పురుగు పైకి ఎగబాకుతుంది. 1970లలో హరిత విప్లవం పేరుతో స్వల్పకాలిక వంగడాలు ఇచ్చి, వీలైనన్ని పంటలు వేయండి, వంతులు చూడకండి అని సర్కారు ఒత్తిడి చేసింది. వరి రసం పీల్చే సుడిదోమ విరుచుకుపడింది. మందు కొట్టేకొద్దీ దాన్ని తినే సాలీళ్లు చచ్చి దోమే మిగిలింది. చివరికి 1986లో ప్రభుత్వమే వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది. మానవ శాస్త్రవేత్త స్టీఫెన్ లాన్సింగ్, జీవావరణ శాస్త్రవేత్త జేమ్స్ క్రెమర్ కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టి, గుళ్ల చుట్టూ అల్లుకున్న పాత వంతుల పద్ధతే నీటికీ, పురుగుకీ సరైన సర్దుబాటని 1993లో చూపించారు. రైతులకు మాత్రం అది కొత్త కబురేమీ కాదు.

ఇక్కడ ఎర్ర బియ్యం ఏడాదికి ఒక్కసారే పండుతుంది. ఐదారు నెలల పంట. తర్వాత తక్కువ రోజుల్లో వచ్చే తెల్ల వరి వేస్తారు. ఎర్ర వరిని కొడవలితో కాక అని-అని అనే అరచేతిలో ఇమిడే చిన్న కత్తితో కంకి కంకిగా కోసి, పనలు కట్టి, జినెంగ్ అనే ఎత్తుకాళ్ల గాదెలో నిలవ చేస్తారు. కోసిన మడుల్లోకి బాతుల్ని వదులుతారు. రాలిన గింజలూ నత్తలూ వాటి పాలు. ఒక కర్రకు గుడ్డ కట్టి మడిలో పాతితే బాతులు ఆ చుట్టుపక్కలే తిరుగుతాయట. మన పిల్లల మీద ఈ ఉపాయం పనిచేస్తుందా అని ఇద్దరు తల్లులు విచారించారు.

మాకు బాగా దగ్గరగా తోచింది మాత్రం బియుకుకుంగ్ పూజ. వరికి కడుపు పండినప్పుడు మడిలో వరి దేవత అయిన దేవి శ్రీకి చేసే పూజ అది. గర్భిణికి చేసినట్టే పుల్లని పళ్లు కూడా పెడతారు. మేం చూడలేదు, వెళ్లేసరికే అయిపోయింది. తాటాకు అల్లికలు వాడిపోయి గట్టు మీద ఉన్నాయి. ‘మనం పొట్ట మీద ఉందంటాం, వీళ్లు సీమంతం చేస్తారు’ అన్నారు పెద్దాయన. దేవుడితో, తోటి మనిషితో, నేలతో పొత్తు కుదరాలన్న వారి సూత్రం పేరు ‘త్రి హిత కరణ’. అర్థం చెప్పించుకోనక్కర్లేకపోయింది. ఇంత పాత ఆచారానికి ఆ పేరు మాత్రం 1960లలోనే స్థిరపడిందని తెలిసి కొంచెం నిరాశపడ్డాం.

ఊరంతా సుఖమే అనుకుని రాలేదు. ఇక్కడ భూమిని ఆర్‌లలో కొలుస్తారు, ఒక ఆర్ అంటే 100 చదరపు మీటర్లు. మన ఎకరానికి సుమారు 40 ఆర్‌లు. మేం మాట్లాడిన రైతుల్లో ఎకరం ఉన్నవారు తక్కువ. కొడుకులు హోటళ్లలో పనికి కిందికి దిగుతున్నారు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో ఈ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. అంటే మాలాంటివాళ్లు ఇంకా వస్తారు. మడి అంచున కాఫీ కొట్టు పెట్టినవాడికీ, మడిలో దిగినవాడికీ వచ్చే ఆదాయాల్లో తేడా ఉంది, ఆ తేడా మీద ఊళ్లో మాటామాటా ఉంది. అందరూ చూడాలని వచ్చేది దున్నేవాడి చెమటనే. వచ్చే డబ్బులో అతని వాటాకు మాత్రం తెంబుకు లాంటి గాడి ఇంకా ఎవరూ చెక్కలేదని నాకనిపించింది. ఇది నా సొంత అభిప్రాయం, కార్యవర్గానిది కాదు.

రైతుల దగ్గర కొన్న ఎర్ర బియ్యం 60 కిలోలు సభ్యులకు పంచాం. ఉడకడం లేదని ఫోను చేసినవారికి మనవి: రాత్రి నానబెట్టండి. ఆవకాయతో చాలా బాగుంటుంది.

చివరగా ఒక లెక్క. రెండోరోజు ఉదయం ఫొటో కోసం పదిమందిమి ఒకే గట్టు మీద నిలబడ్డాం, గట్టు తెగింది. పై మడి నీళ్లు కింది మడిలోకి దూకాయి. ఆ మడి రైతు ఒక్క మాటా అనకుండా దిగి, రెండు చేతులతో బురద తీసి అతికి, కాలి మడమతో అదిమి, మళ్లీ అతికారు. పావుగంట పట్టింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. మా ఒత్తిడి మీద, గుడి దగ్గర సుబాక్ సొమ్ములో వేయమన్నారు. వేశాం, 5,00,000 ఇండోనేషియా రుపియాలు. రసీదు లేదు. కోశాధికారి ఏ పద్దు కింద రాయాలో తేల్చుకోలేక ‘మరమ్మతులు’ కింద చూపించారు. అభ్యంతరం ఉన్నవారు సర్వసభ్య సమావేశంలో లేవనెత్తవచ్చు.

కార్యదర్శి