గండగాయ్ వరద, మన రేవు పడవ

గండగాయ్,
జూన్ నెల, ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

ఇంకా ఈ చిన్న ఊళ్లోనే ఎందుకున్నావని అడుగుతూ నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌లు మూడూ విన్నాను. ఫోన్లో మాట్లాడదామంటే నీకు బడి, నాకు నైట్ డ్యూటీ. పైగా ఇది రెండు నిమిషాల్లో తేలే విషయం కాదు. అందుకే హీటరు పక్కన కూర్చుని తీరిగ్గా రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గానే చదువు.

ఇక్కడ ఆస్ట్రేలియాలో జూన్ అంటే చలికాలం. పొద్దున్న లేచేసరికి మరంబిడ్జీ నది మీద నుంచి పొగమంచు తెల్లగా లేచి ఊరంతా కమ్మేస్తుంది. ధనుర్మాసంలో మన గట్టు మీద నిలబడితే గోదారి కనపడదే, అచ్చం అలాగే. ఊరు చిన్నది, జనాభా రెండు వేల చిల్లర. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ వెళ్లే పెద్ద రోడ్డు ఒకప్పుడు ఊరి మధ్యలోంచే వెళ్లేది. 1977లో నది మీద కొత్త వంతెన కట్టాక రోడ్డు ఊరి పక్కనుంచి వెళ్లిపోయింది. వీసా కోసం వచ్చాను, రెండేళ్లుండి మెల్‌బోర్న్ వెళ్లిపోదాం అనుకున్నాను. ఇప్పుడు ఆ ఆలోచన లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను పనిచేసే వృద్ధాశ్రమంలో తొంభై దాటిన ఒక పెద్దావిడ ఉండేది. వాన పడిన ప్రతి రాత్రీ బెల్లు కొట్టి పిలిచేది. మందు కోసమో నీళ్ల కోసమో కాదు. "నది ఎంతవరకు వచ్చింది?" అని అడగడానికి. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మా నానమ్మ కూడా అంతే కదరా! శ్రావణంలో వాన పట్టిందంటే చాలు, "ధవళేశ్వరం దగ్గర ఎంతుందట? ఒకటో నంబరు హెచ్చరిక ఇచ్చారా?" అని రేడియో పక్కనే కూర్చునేది. ఎనభయ్యారు వరద చూసిన మనిషి మరి. ప్రపంచానికి ఈ చివర ఇంకో ముసలావిడ అదే ప్రశ్న వేస్తుంటే, నాకు ఊరు గుర్తొచ్చి ఆవిడ మంచం పక్కనే కూర్చుండిపోయాను. ఆ రాత్రి ఆవిడ నాకు 1852 వరద గురించి చెప్పింది.

మొదట్లో ఊరు ఇప్పుడున్న చోట లేదట. కింద, నదికి ఆనుకుని ఉన్న పల్లపు నేలలో ఉండేది. ఆ నేల విరాడ్జురీ అనే ఆదివాసీ జనానిది. నది పొంగితే ఎక్కడిదాకా వస్తుందో వాళ్లకు తెలుసు. అక్కడ ఇళ్లు కట్టొద్దని తెల్లవాళ్లకు చెప్పారంటారు. విన్నవాళ్లు లేరు. మధ్యలో చిన్న వరదలు వచ్చినా జనం అటకల మీదికెక్కి కూర్చుని, నీళ్లు తీశాక కిందికి దిగారు. 1852 జూన్ 24 రాత్రి మాత్రం అటకలు సరిపోలేదు. చీకట్లో, ఎముకలు కొరికే చలిలో ఊరు ఊరే కొట్టుకుపోయింది. అప్పటి జనాభా దాదాపు 250. అందులో 80 మంది దాకా పోయారు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు. ఆస్ట్రేలియా చరిత్రలో ఇంతమంది ప్రాణాలు తీసిన వరద ఇంకొకటి లేదు.

బతికినవాళ్లు చెట్ల కొమ్మలు పట్టుకుని వేలాడుతున్నారు. అప్పుడు యర్రీ అనే విరాడ్జురీ మనిషి చెట్టు బెరడుతో చేసిన చిన్న దోనె వేసుకుని ఆ ప్రవాహంలోకి దిగాడు. ఆ దోనెలో ఒక్కసారికి ఒక్క మనిషే పడతాడు బావా. ఒకరిని ఒడ్డుకు చేర్చి మళ్లీ వెనక్కి, ఇంకొకరిని చేర్చి మళ్లీ వెనక్కి. దుంగలు, తలుపులు, చచ్చిన పశువులు కొట్టుకొస్తున్న నీళ్లలో. జాకీ జాకీ అనే ఇంకొకాయన తెడ్ల పడవతో దిగాడు. యర్రీ 49 మందిని, జాకీ జాకీ 20 మందిని ఒడ్డుకు చేర్చారని లెక్క చెబుతారు. ఇంకా కొంతమంది విరాడ్జురీ వాళ్లు కూడా సాయం చేశారు. గోదారి పోటు చూసినవాళ్లం కాబట్టి, వెనక్కి తిరిగి దోనె వేయడం అంటే ఏమిటో మనకు ఎవరూ వివరించక్కర్లేదు.

ఆ పెద్దావిడ ముత్తవ్వ ఆ చెట్ల మీదున్న వాళ్లలో ఒకరట. కథంతా చెప్పి, "ఆ దోనె ఇంకోసారి వెనక్కి రాకపోతే ఈ మంచం మీద నేను లేను" అంది. నాకేం మాట్లాడాలో తెలియలేదు. దుప్పటి సరిచేసి వచ్చేశాను.

ఆ శనివారమే ఇక్కడి మ్యూజియానికి వెళ్లాను. తర్వాత కూడా వెళ్తూనే ఉన్నాను. హోమర్ వీధిలో ఉంటుంది. నడిపేది జీతాల్లేని వాలంటీర్లు, చాలామంది డెబ్బై దాటినవాళ్లే. తుప్పు పట్టిన గొర్రెల కత్తెరలు, పెళ్లి గౌన్లు, కుట్టుమిషన్లు, నాగలి సామాను, అన్నీ కిక్కిరిసి ఉంటాయి. అక్కడే యర్రీకి ఊరివాళ్లు ఇచ్చిన కంచు పలక కూడా ఉంది. అర్ధచంద్రాకారంలో, మెడలో వేలాడేసుకునేది. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. కృతజ్ఞతతో ఇచ్చారు, నిజమే. కానీ ఆ రోజుల్లో అలాంటి పలకలు తెల్లవాళ్లు ఆదివాసీలకే వేసేవాళ్లు, తమవాళ్లకు వేసుకునేవాళ్లు కాదు. సన్మానమూ, నువ్వు వేరు అని చెప్పడమూ రెండూ ఒకే లోహంలో పోత పోసినట్టున్నాయి.

నాకు అప్పగించిన పని ఫొటోలు. ఎవరో ఒక పెద్దాయనో పెద్దావిడో పోతారు, పిల్లలు ఇల్లు అమ్ముతూ అట్టపెట్టెలు తెచ్చి పడేసి పోతారు. నేను చేతులకు గ్లవుజులు వేసుకుని ఒక్కోటీ స్కాన్ చేస్తాను. వెనక పెన్నుతో రాయకూడదని ఇక్కడే నేర్చుకున్నా. ఇంకు ఇవతలికి ఊరుతుంది, మెత్తటి పెన్సిలుతోనే రాయాలి. మన ఇళ్లల్లో ఉండే జిగురు పేజీల ఆల్బమ్‌లున్నాయి చూడు, అవి ఫొటోలకు విషం. అమ్మావాళ్ల పెళ్లి ఆల్బమ్ అదే, ఈసారి వచ్చినప్పుడు తీసేయాలి. అసలు కష్టం మాత్రం స్కానింగ్ కాదు, పేర్లు. ఫొటోలో పదిహేను మంది నవ్వుతూ ఉంటారు, వెనక "పిక్నిక్" అని ఒక్క మాట. ఆ ఫొటోలను ల్యాప్‌టాప్‌లో వేసుకుని వృద్ధాశ్రమానికి తీసుకెళ్తాను. మధ్యాహ్నం టీ టైములో చూపిస్తే, పొద్దున్న ఏం తిన్నారో గుర్తులేని మనిషి కూడా "ఎడమ నుంచి మూడోది మా అక్క స్నేహితురాలు, రొట్టెల కొట్టువాళ్ల అమ్మాయి" అని గబగబా చెప్పేస్తారు. అలాంటి మధ్యాహ్నాలు నాకు పండగే. గత నెలలో ఒక్క ఫొటోలో తొమ్మిది పేర్లు దొరికాయి. ఆ తొమ్మిదీ చెప్పిన తాత పదిహేను రోజులకే పోయారు.

ఈ విషయంలో గండగాయ్‌ది ఒక అదృష్టం. 1887లో ఛార్లెస్ గేబ్రియల్ అని ఒక డాక్టరుగారు ఇక్కడికొచ్చి, 1927లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. ఆయనకు ఫొటోల పిచ్చి. గొప్పవాళ్లను కూర్చోబెట్టి తీయడం కాదు, వీధిలో పిల్లలు, ఆస్పత్రి సిబ్బంది, వరద నీళ్లు, ఏది కనిపిస్తే అది. ఆ గాజు పలకల నెగటివ్‌లు వందలకొద్దీ ఇప్పుడు కాన్‌బెర్రాలోని నేషనల్ లైబ్రరీలో ఉన్నాయి. ఇంట్లో కూర్చుని నువ్వు కూడా ఫోన్లో చూడొచ్చు. గాజు పలకలు అన్నేళ్లు పగలకుండా మిగలడం మాటలా! వాటిని చెత్తలో వేయకుండా దాచిన చేతులకు దణ్ణం పెట్టాలి.

ఆ లైబ్రరీవాళ్లదే ట్రోవ్ అని ఒకటుంది. ఆస్ట్రేలియా పాత పత్రికలు లక్షల పేజీలు అందులో ఉచితంగా చదవొచ్చు. ఇంత చిన్న ఊరి పత్రికలు గండగాయ్ టైమ్స్, గండగాయ్ ఇండిపెండెంట్ కూడా ఉన్నాయి. కంప్యూటరు ఆ పాత అక్షరాలను తప్పుల తడకగా చదువుతుంది. ఆ తప్పుల్ని ఎవరైనా సరే, ఎక్కడినుంచైనా సరే, ఒక్కో లైను దిద్దొచ్చు. నైట్ డ్యూటీ బ్రేకులో నేను అదే చేస్తుంటాను. ఒక పేరు సరిగ్గా దిద్దితే, రేపు ఎక్కడో ఉన్న మనవరాలు వెతికినప్పుడు ఆ పేరు దొరుకుతుంది. మన పాత తెలుగు పత్రికలకు ఇలాంటిది ఉంటే నువ్వూ నేనూ నిద్రపోతామా చెప్పు.

అన్నీ దక్కుతున్నాయని అనుకోకు. ఇక్కడ ఒక సంఘం మూతపడినప్పుడు దాని మినిట్స్ పుస్తకాలన్నీ చెత్తబండిలోకి వెళ్లిపోయాయి. మాకు తెలిసేసరికి బండి వెళ్లిపోయింది. ఆ రోజు మ్యూజియంలో ఎవ్వరూ టీ తాగలేదు. ఇంకా పెద్ద దెబ్బ చెక్క వంతెనది. వరద మైదానం మీద గుర్రబ్బళ్లు, తర్వాత కార్లు వెళ్లడానికి 1896లో కట్టిన ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ చెక్క వంతెన, దాదాపు కిలోమీటరు పొడవుండేది. కుళ్లిపోయి ప్రమాదంగా ఉందని 2021 చివర్లో కూల్చేశారు. ఊళ్లో దాని గురించి గొడవ చాలా ఏళ్లు నడిచింది. పైనుంచి దుంగ పడితే ఎవరిది బాధ్యత అన్నవాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. అయినా, అన్నేళ్లు ఒక్కో స్తంభం మారుస్తూ వచ్చి ఉంటే అంత దూరం వచ్చేది కాదని నా బాధ. 1867 నాటి ఇనుప వంతెన, పక్కన రైలు చెక్క వంతెన మాత్రం ఇంకా ఉన్నాయి. రైలు అయితే 1984 వరద తర్వాత మళ్లీ రాలేదు.

అన్నట్టు, ఈ ఊరికి బయట పేరు తెచ్చింది ఒక కుక్క విగ్రహం. యజమాని అన్నం పెట్టె మీద కూర్చుని కాపలా కాసే కుక్క. ఊరి నుంచి వెళ్లిపోయినవాళ్లంతా వెనక్కొచ్చి కలుసుకోవాలని 1932లో 'బ్యాక్ టు గండగాయ్' పండగ పెట్టుకుని, దాన్ని ఆవిష్కరించారు. సాక్షాత్తూ ప్రధానమంత్రి జోసెఫ్ లయన్స్ వచ్చారు. దాని దగ్గర జనం వేసే చిల్లర ఆస్పత్రికి వెళ్లాలని ఏర్పాటు చేశారు. ఈ ఆలోచన నాకు భలే నచ్చింది. దాన్ని చెక్కిన ఫ్రాంక్ రస్కోనీ సమాధిరాళ్లు చేసే మనిషి. ఆయనే 20,948 పాలరాతి ముక్కలతో 28 ఏళ్లు కూర్చుని ఒక చిన్న భవనం నమూనా కూడా చేశాడు. నువ్వొస్తే చూపిస్తాను.

కానీ నేను రోజూ ఆగి చూసేది ఆ కుక్కని కాదు. ఊళ్లో పెద్ద వీధి షెరిడన్ వీధిలో యర్రీ, జాకీ జాకీల కంచు విగ్రహాలున్నాయి, దోనెతో సహా. పెట్టింది ఎప్పుడనుకున్నావ్? 2017లో. వరదొచ్చిన 165 ఏళ్లకి. కుక్కకి పెట్టిన 85 ఏళ్లకి. ఇన్నాళ్లూ వాళ్ల కథ పోలేదంటే విరాడ్జురీ కుటుంబాలూ, బతికినవాళ్ల మనవలూ నోటితో మోసుకొచ్చారు కాబట్టే. వాళ్ల విషయంలో మ్యూజియంలో ఒక పద్ధతి నేర్చుకున్నాను. చాలా ఆదివాసీ కుటుంబాల్లో చనిపోయినవాళ్ల పేరు, బొమ్మ చూపడం బాధపెట్టే విషయం. అందుకని ముందు వాళ్లని అడుగుతాం, వద్దంటే పెట్టె మూసేస్తాం. ఎవరి కథో వాళ్లే చెప్పాలి.

ఒక రోజు ఆ విగ్రహం దగ్గర ఒకాయన నాతో అన్నమాట నన్ను పట్టుకుంది. జాకీ జాకీ అన్నది పేరు కాదట. అప్పట్లో తెల్లవాళ్లు ఏ ఆదివాసీ మగమనిషినైనా పిలిచే పిలుపట అది. ఇరవైమందిని కాపాడిన మనిషికి, తల్లి పెట్టిన పేరు కాదు, ఎవరో విసిరిన పిలుపు మిగిలింది.

ఇంటికి నడుస్తుంటే నాకు మన రేవు తాత గుర్తొచ్చాడు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన రోజు, గట్టు తెగి లంకంతా మునిగితే, మా నానమ్మనీ మీ అమ్మగారినీ పడవలో గుడి అరుగు మీదికి చేర్చింది ఆయనే కదా. ఆ సంగతి మనం వందసార్లు విన్నాం. ఆయన్ని చిన్నప్పట్నుంచీ రేవు తాత, రేవు తాత అనే పిలిచాం. ఆయన పేరేమిట్రా? నాకు తెలియదు. నానమ్మని ఎప్పుడూ అడగలేదు. నీకు తెలుసా?

గతేడాది నువ్వే చెప్పావు, ఇంకా ఉన్నాడు, కళ్లు కనపడటం లేదు, మాట మాత్రం గట్టిగానే ఉంది అని. వచ్చే ఆదివారం ఒకసారి వెళ్లు బావా. పొద్దున్నే వెళ్లు, మధ్యాహ్నం అయితే నిద్రపోతాడు. ఫ్యాను ఆపెయ్, ఆ చప్పుడు రికార్డింగుని పాడు చేస్తుంది. ఫోను ఆయన మోకాలి దగ్గర పెట్టు. రికార్డు చేస్తున్నానని ముందే చెప్పి, సరేనంటేనే మొదలుపెట్టు. మధ్యలో నువ్వు మాట్లాడకు, ఆగితే ఆగనీ. పడవ ఎవరిది, గెడ ఎక్కడ విరిగింది, ఎవరెవరిని ఎక్కించాడు, ఎవరిని ఎక్కించలేకపోయాడు, ఏది చెబితే అది రానీ. ఫైలు నీ ఫోన్లో ఒకటి ఉంచి, నాకొకటి పంపి, ఇంకొకటి బడి కంప్యూటర్లో పెట్టు.

అన్నిటికంటే ముందు పేరు అడుగు. ఇంటిపేరుతో సహా.

నీ
లంక స్నేహితుడు