స్టాలు నంబరుతో పాటు ఆ రెండు కొలతలూ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

హస్తకళల మేళాల గురించి మీ పత్రికలో వార్త వస్తే వదలకుండా చదువుతాను. ఎన్ని స్టాళ్లు పెట్టారో, ఎవరు ప్రారంభించారో, జనం ఎంతమంది వచ్చారో అందులో ఉంటుంది. స్టాలు నెత్తిన కట్టే బ్యానరు గురించి మాత్రం ఎవరూ రాయగా చూడలేదు. అది లేకపోతే మా పేరే ఉండదు. అందుకే ఈ ఉత్తరం.

నేను గుడ్డ బొమ్మలు కుడతాను. పదకొండేళ్లుగా మేళాలకు తీసుకెళ్తున్నాను. మొదట్లో అందరిలాగే ఫ్లెక్సీ కొట్టించాను. బొమ్మేమో చేత్తో కుట్టింది, దాని పేరేమో ప్లాస్టిక్ మీద. నాకు మనసొప్పలేదు. పైగా మేళా అయ్యాక ఆ ఫ్లెక్సీని ఏం చేయాలో తెలిసేది కాదు. అది పీవీసీ. మట్టిలో కలవదు, తగలబెడితే విషపు పొగ. అప్పటినుంచి బ్యానరు కూడా గుడ్డతోనే చేస్తున్నాను.

గుడ్డ బ్యానరు తేలికనుకునేవాళ్లకు రెండు మాటలు చెప్పాలి. మందపాటి కోరా గుడ్డను ముందు రాత్రంతా నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కొలవాలి. ఉతక్కముందే రాస్తే మొదటి వానకే గుడ్డ కుంచించుకుపోతుంది, అక్షరాలు ముడతలు పడతాయి. రంగు పూశాక ఒక రోజు ఆరనిచ్చి, వెనకనుంచి వేడి ఇస్త్రీ పెడితేనే అది గుడ్డను పట్టుకుంటుంది.

ఇక అక్షరాలు. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం ఉండాలని బోర్డులు రాసేవాళ్లు చెబుతారు. ముప్పై అడుగుల అవతల నడిచే మనిషికి మూడు అంగుళాలు కావాలన్నమాట. అది తలకట్టుకూ అక్షరానికీ సరిపోయే లెక్క. మన అక్షరానికి కింద వత్తు ఉంటుంది, పైన గుడి, పక్కన కొమ్ము. వాటికి చోటు వదలకపోతే పేరు పేరుగా చదవబడదు. నేను అక్షరం ఐదు అంగుళాలు పెట్టి, దాని కింద వత్తులకే మూడు అంగుళాలు విడిచిపెడతాను. అట్టలో అక్షరాలు కోసి రంగు అద్దేటప్పుడు మరో చిక్కు. సున్నలోనూ, 'ర' పొట్టలోనూ మధ్య ముక్క ఊడి వచ్చేస్తుంది. దాన్ని పట్టుకోవడానికి సన్నని వంతెనలు రెండు వదిలి, ఆ ఖాళీని తర్వాత కుంచెతో పూడుస్తాను. ఒక్క 'రంగుల' అన్న మాటకే అరపూట పడుతుంది. ఆ అరపూట నాకు ఎప్పుడూ బరువనిపించలేదు.

ఇంత చేసి తీసుకెళ్తే పోయిన మేళాలో ఏమైందో చెబుతాను. కేటాయింపు కాగితంలో 'స్టాలు 10 అడుగులు, బల్ల ఒకటి, కుర్చీలు రెండు' అని ఉంది. దాన్ని నమ్మి సరిగ్గా పది అడుగుల బ్యానరు కుట్టాను. 'రంగుల గుడ్డ బొమ్మలు' అని ముదురు నీలంలో రాశాను. అక్కడికెళ్లి టేపు పెడితే స్తంభాల మధ్య ఖాళీ 9 అడుగుల 4 అంగుళాలు. పైన అడ్డకమ్మీ లేదు. గోడకు మేకు కొట్టకూడదు, టేపు అంటించకూడదు. మరి ఎక్కడ కట్టాలి అంటే చెప్పేవాళ్లు లేరు.

రెండు మూలలూ స్తంభాలకు కట్టాను. ఎనిమిది అంగుళాల గుడ్డ మిగిలి నడుమ వేలాడింది. కింది అంచు జనం తలలకు తగులుతుంటే పైకి మడిచి పిన్నులు పెట్టాను. ఆ మడతలో వత్తులన్నీ పోయాయి. కాసేపటికి వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని వచ్చిన ఒక చిన్నపిల్ల నిలబడి, కూడబలుక్కుంటూ 'రంగుల గుడ బొమలు' అని చదివింది. బొమలంటే కనుబొమలా అమ్మా అని అడిగింది. ఆ పిల్ల ఉన్నది ఉన్నట్టే చదివింది. నెల రోజులు కష్టపడి రాసిన పేరు అలా అయ్యేసరికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మధ్యాహ్నం గాలి లేచింది. కట్టిన గుడ్డ తెరచాపలాంటిది. గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలవుతుంది. ఎడమవైపు ముడి జారి, బ్యానరు పక్క స్టాలు మీద పడింది. అక్కడ మట్టి కూజాలు పేర్చి ఉన్నాయి. రెండు పగిలాయి. ఆ పెద్దాయన పెంకులు ఏరుకుంటూ 'నీ తప్పేం లేదమ్మా, కట్టడానికి ఇక్కడేముంది' అన్నారు. డబ్బు ఇస్తానంటే తీసుకోలేదు. ఆయన మంచితనంతో నా బాధ తీరలేదు. చేత్తో చేసిన వస్తువు పగిలితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇంటికొచ్చాక బ్యానరు విప్పి మళ్లీ కుట్టాను. లంగాకు బొందు దూర్చే మడత కుట్టినట్టు పైనా కిందా మడతలు కుట్టి, పైదానిలో గుండ్రటి కర్ర, కిందిదానిలో సన్నటి కర్ర దూర్చాను. ఇప్పుడు మూలలు లాగినా నడుమ కుంగదు. మూలల్లో గుడ్డ చిరగకుండా నాలుగు మడతల పట్టీ వేసి ఇత్తడి రింగులు బిగించాను. కింది కర్రను తాడుతో బిగించకుండా సాగే రబ్బరు ముక్కతో కడతాను. గాలి కొడితే ముందు రబ్బరు సాగుతుంది, ముడి నిలబడుతుంది. బ్యానరును మధ్యకు మడిచి పైఅంచున ఎర్రదారంతో ఒక కుట్టు వేశాను. కట్టేటప్పుడు ఆ కుట్టును స్టాలు నడిమికి పట్టుకుని, తర్వాత అటూ ఇటూ బిగిస్తాను. ఒకరు దూరంగా నిలబడి ఎత్తుపల్లాలు చెప్పాలి. నాతో మా అమ్మాయి వస్తుంది కాబట్టి సరిపోయింది. ఒంటరిగా వచ్చేవాళ్ల సంగతి నిర్వాహకులు ఆలోచించాలి.

నేను చేయగలిగింది ఇంతవరకే. కొలత తప్పు ఇస్తే, కట్టుకునే చోటు లేకపోతే ఎంత మంచి బ్యానరైనా ఏం చేస్తుంది? మీ పత్రిక ద్వారా మేళాల నిర్వాహకులను అడిగేది ఒక్కటే. స్టాలు కేటాయించే కాగితంలో రెండు అంకెలు అదనంగా రాయండి. స్తంభాల మధ్య లోపలి కొలత ఒకటి, బ్యానరు కట్టే అడ్డకమ్మీ నేలనుంచి ఎంత ఎత్తులో ఉందో ఇంకొకటి. అసలు ఆ అడ్డకమ్మీ ప్రతి స్టాలుకూ ఉండేట్టు చూడండి. నిలబడ్డ మనిషి తల దాటి ఏడడుగుల పైన కింది అంచు ఉంటేనే పేరు కనబడుతుంది. బల్లకు ముందు కడితే కొనేవాళ్ల వెనక దాగిపోతుంది. స్తంభాల అడుగున ఇసుక సంచుల బరువు, వరుసకు ఒక నిచ్చెన ఉంటే పక్కవాళ్ల కుండలకు కూడా భయముండదు.

వచ్చే మేళాకు కొత్త బ్యానరు సిద్ధంగా ఉంది. ఎంత చోటు దొరుకుతుందో తెలియక దాని నాలుగు మూలలకూ మూరెడేసి పొడుగు నాడాలు వేలాడుతూ ఉంచాను. కాగితంలో ఆ రెండు అంకెలూ వచ్చిన రోజున కొలిచి కత్తిరిస్తాను.

ఇట్లు,
గుడ్డ బొమ్మలు కుట్టే ఒక పాఠకురాలు