ఒకే బొగ్గుకి ఐదు రైల్వేలు

ఎడిటర్ గారికి నమస్కారం,

అమెరికాలో యూనియన్ పసిఫిక్, నార్‌ఫోక్ సదరన్ రైల్వేలు కలుస్తామంటున్నాయని రాస్తూ, పాత చిన్న రైల్వేలు పోటీ తట్టుకోలేక మూతపడ్డాయని మీ పేపర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను న్యూజెర్సీలో ఉంటాను, దీని మీద కొంచెం చెప్పాలి.

ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే మేమంతా లిబర్టీ విగ్రహం చూపించడానికి జెర్సీ సిటీలో ఫెర్రీ ఎక్కిస్తాం కదా, ఆ పక్కనే 1889లో కట్టిన సెంట్రల్ రైల్‌రోడ్ ఆఫ్ న్యూజెర్సీ స్టేషనుంది. మా నాన్నగారు కాజీపేటలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఫెర్రీ లైన్ వదిలేసి స్టేషన్ వెనక షెడ్డు దగ్గర ఆగిపోయారు, పట్టాలుండాల్సిన చోట చెట్లు మొలిచి ఉన్నాయి, కంచె పట్టుకుని చూస్తూ "ఇంత స్టేషన్ ఎట్లా పోయిందిరా" అన్నారు.

పెన్సిల్వేనియా గట్టి బొగ్గు కోసం ఈ స్టేషన్ కట్టిన సెంట్రల్, ఇంకా లీహై వ్యాలీ, రీడింగ్, లాకవానా, ఈరీ అని ఐదు కంపెనీలు ఎవరి లైన్ వాళ్లు వేసుకున్నారు, లీహై నదికి ఆ ఒడ్డున ఒకళ్లు ఈ ఒడ్డున ఒకళ్లు. తర్వాత జనం ఇళ్లలో చలికి బొగ్గు మానేసి ఆయిల్, గ్యాస్ పెట్టుకున్నారు. 1956 నుంచి సర్కారు డబ్బుతో పెద్ద హైవేలు పడి సరుకు లారీలకి పోయింది, రైల్వే మాత్రం తన పట్టాలు తనే బాగుచేసుకుని ఆ భూమికి పన్ను కూడా కట్టాలి. రేటు మార్చాలన్నా, నష్టాల లైన్ ఎత్తేయాలన్నా రైల్వేల మీద అజమాయిషీ చేసే సర్కారు కమిషన్ పర్మిషన్ కావాలి, అది ఏళ్లు పట్టేది. సెంట్రల్ 1967లో, లీహై వ్యాలీ 1970లో, రీడింగ్ 1971లో దివాలా తీశాయి. మరి ఇందులో పోటీ తప్పెంత?

కలిపేస్తే బాగుపడతాయని అప్పుడూ అన్నారు. ఈరీ, లాకవానా 1960లో కలిశాయి, 1972లో ఆగ్నెస్ తుఫాను వరదకి లైన్లు కొట్టుకుపోయి దివాలా. పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ అనే రెండు పెద్ద రైల్వేలు 1968 ఫిబ్రవరిలో కలిసి పెన్ సెంట్రల్ అయ్యాయి, రెండు కంపెనీల కంప్యూటర్లకి పొత్తు కుదరలేదు, ఆఫీసర్లకీ కుదరలేదు, ఏ వ్యాగన్ ఎక్కడుందో తెలిసేది కాదు, 1970 జూన్‌కల్లా దివాలా. చివరికి 1976లో సర్కారే వీటన్నిటినీ కలిపి కాన్‌రైల్ అనే కంపెనీ పెట్టి వందల కోట్ల డాలర్లు పోయాల్సొచ్చింది. అది లేచిందంటే డబ్బొక్కటే కాదు, 1980 స్టాగర్స్ చట్టం వచ్చి రేట్లకి, లైన్లకి కాళ్ల సంకెళ్లు తీసింది.

ఇదే యూనియన్ పసిఫిక్ 1996లో సదరన్ పసిఫిక్‌ని కలుపుకుంది, మరుసటేడు హ్యూస్టన్ చుట్టూ రైళ్లు నెలల తరబడి ఇరుక్కుపోయాయి. ఫ్యాక్టరీకి ఒక్క కంపెనీ లైనే ఉంటే వాడు చెప్పిందే రేటు, ఆలస్యమైతే అడిగే దిక్కుండదు. పర్మిషన్ ఇవ్వాల్సిన సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు 2001లో పెట్టిన రూల్ ప్రకారం, పెద్ద రైల్వేలు కలవాలంటే పోటీ పెరుగుతుందని చూపించాలి. ఎలా పెరుగుతుందో ఆ రెండు కంపెనీలు ఏం చెప్తున్నాయి, వాటి లైన్ మీద ఆధారపడ్డవాళ్లు ఏమంటున్నారు, దయచేసి అది కూడా రాయండి.

ఒక పాఠకుడు,
ఎడిసన్, న్యూజెర్సీ