రిపోర్టు కోసం రెండో రోజు ఎందుకు రావాలి?

సంపాదకులకు నమస్కారం.

నేను రాయగడలో స్థిరపడిన తెలుగువాణ్ని. కాగితం మిల్లులో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా ఆవిడకు షుగరు, బీపీ ఉన్నాయి. నెలనెలా మా ప్రాంతంలోని ఒక సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్తుంటాను.

పోయిన నెల సంగతి. పరగడుపున రక్తం ఇవ్వాలని ఏమీ తినకుండా బయల్దేరాం. ఎనిమిదికి ఓపీ చీటీ లైనులో నిలబడ్డాం. డాక్టరు గదిలోకి వెళ్లేసరికి పదీ నలభై. ఆయన రెండు నిమిషాలు చూసి పరీక్ష రాశారు. రక్తం ఇచ్చేసరికి పదకొండున్నర దాటింది, ఆవిడకు కళ్లు తిరుగుతున్నాయి. రిపోర్టు రెండింటికి వచ్చింది. అప్పటికి ఓపీ అయిపోయింది. రేపు రమ్మన్నారు. మర్నాడు మళ్లీ చీటీ, మళ్లీ లైను. రిపోర్టు చూసి పాత మందులే రాశారు. మందులు చేతికందేసరికి మధ్యాహ్నం పన్నెండు.

మా ఇల్లు ఊళ్లోనే కాబట్టి మాకు పోయింది ఓపికే. మా పక్కన కూర్చున్న కోంధ్ గిరిజన మహిళ కాశీపూర్ అవతల నుంచి వచ్చింది. రెండో రోజు రావాలంటే కూలి పోతుంది, బస్సు చార్జీ మళ్లీ పెట్టుకోవాలి, రాత్రి తలదాచుకునే చోటు లేదు. మర్నాడు ఆమె కోసం చూశాను, రాలేదు. ఆమె రిపోర్టు ల్యాబ్‌లోనే ఉండిపోయి ఉంటుంది. తెలుగు, ఒడియా, కోంధుల కువి భాష కలిసి వినిపించే ఆ వరండాలో ఏ లైను దేనికో చెప్పే మనిషి కూడా లేడు. ఈ అవస్థ పడలేక చిన్న జబ్బుకు కూడా విజయనగరం, విశాఖ రైలెక్కేవాళ్లు ఎందరో ఉన్నారు.

డాక్టర్లు చాలరు అంటారు. నిజమే, ఆ ఖాళీలు నింపాల్సిందే. కానీ నేను టైము లెక్క వేసుకున్నాను. రెండు రోజుల్లో మేం అక్కడ గడిపింది పది గంటలు. డాక్టరు, ల్యాబ్, మందుల కౌంటరు వాళ్లు మా ఆవిడ కోసం పెట్టిన టైమంతా కలిపినా ఇరవై నిమిషాలు దాటదు. పని వరుస మార్చకుండా ఇంకో డాక్టర్ని వేస్తే మిగతా ఎదురుచూపు పోతుందా?

మిల్లులో మెషీన్ మీద కాగితం తెగితే బ్రేక్ అంటాం. మొదట్లో బ్రేక్ అయిన ప్రతిసారీ ఆపరేటర్ తిట్లు తినేవాడు. తర్వాత పనివాళ్లమే కలిసి కూర్చుని లోపాలు వెతికే క్వాలిటీ సర్కిల్ వచ్చింది. ఎప్పుడు తెగింది, ఎక్కడ తెగింది అని బోర్డు మీద రాసి, ఎందుకు అని ఐదుసార్లు అడిగి చూసుకునేవాళ్లం. తోచిన మార్పు ఒక్క షిఫ్టులో చేసి చూసి, ఫలితం ఉంటేనే మిగతా షిఫ్టుల్లో పెట్టేవాళ్లం. ఇలా ముందు ఒకచోట చేసి చూసే పద్ధతి 1950లో జపాన్ వెళ్లి పాఠాలు చెప్పిన డెమింగ్ అనే అమెరికన్ నిపుణుడిదని ట్రైనింగులో విన్నాం.

మనిషి కాగితం కాదు కదా అని మా అబ్బాయే అన్నాడు. కానీ సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి పెద్దలు 2002లో జపాన్ వెళ్లి టొయోటా పద్ధతి నేర్చుకొచ్చారు. టొయోటా కార్ల ఫ్యాక్టరీలో తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగి తయారీ లైను ఆపొచ్చు. ఆ ఆసుపత్రిలో రోగికి హాని జరిగేలా ఉంటే నర్సయినా పని ఆపించొచ్చు. అంత దూరం కూడా పోనక్కర్లేదు. మధురైలో 1976లో 11 పడకలతో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రిలో సర్జన్ ఒక బల్ల దగ్గర ఆపరేషన్ చేస్తుండగానే పక్క బల్ల మీద తర్వాతి రోగిని సిద్ధం చేస్తారు. ఆపరేషన్ గదుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల చెక్‌లిస్టు ఇచ్చింది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఒక్క కాగితం ముక్క చేసిన పని అది.

మన దేశంలోనూ ప్రభుత్వ ఆసుపత్రులకు నాణ్యతా ప్రమాణాలు 2013లోనే వచ్చాయి. 2015లో శుభ్రత కోసం కాయకల్ప్, 2017లో ప్రసూతి గదుల కోసం లక్ష్య అనే పథకాలు మొదలయ్యాయి. వాటివల్ల శుభ్రత పెరిగింది, నేను కళ్లారా చూశాను. గడియారం వైపు మాత్రం ఇంకా ఎవరూ చూడట్లేదు.

నేను కోరేది పెద్ద ఖర్చు కాదు. పాత షుగరు రోగులకు వచ్చేసారి చేయాల్సిన పరీక్షను డాక్టరు ఈసారి చీటీ మీదే రాసేయాలి. అప్పుడు ఎనిమిదికి నేరుగా ల్యాబ్‌లో రక్తం ఇచ్చి, ఏదైనా తిని, ఓపీ మూసేలోపే రిపోర్టుతో డాక్టర్ని కలవొచ్చు. వారంలో ఒక్క రోజు ఇలా చేసి చూడండి. చీటీ ఇచ్చిన టైము, మందులు అందిన టైము ఆ చీటీ మీదే వేయండి. చీటీ కౌంటరు అబ్బాయి, ల్యాబ్ టెక్నీషియన్, సిస్టరు వారానికో అరగంట కూర్చుని వాటిని చూసుకోవాలి. లైను ఎక్కడ ఆగుతుందో భువనేశ్వర్ కంటే వాళ్లకే బాగా తెలుసు. ఒక్క జాగ్రత్త: ఆ అంకెలు చూపించి ఎవరికీ మెమో ఇవ్వకూడదు. మెమో టెన్షన్ ఉంటే నిజమైన టైము ఎవరూ రాయరు. మా బోర్డు మీద మొదటి రెండు నెలలూ అబద్ధాలే ఉండేవి.

జిల్లా అధికారులు అనుమతిస్తే, నేనూ నాతో రిటైరైన ఇద్దరు మిత్రులూ వారం రోజులు ఆ వరండాలో కూర్చుని టైములు రాసిపెడతాం. మాకు తెలుగు, ఒడియా వచ్చు. కువి తెలిసినవాళ్లు ఒకరు తోడైతే చాలు.

– ఒక పాఠకుడు, రాయగడ, ఒడిశా