పిల్లుల్ని దూరంగా వదిలేస్తే బెడద తీరదు

సంపాదకులకు నమస్కారం.

వీధిపిల్లుల మీద ఫిర్యాదు రాగానే ముందుగా వినిపించే సలహా ఒక్కటే: సంచిలో వేసి ఎక్కడైనా దూరంగా వదిలేసి రండి. ఫిర్యాదు చేసేవాళ్లను నేను తప్పుపట్టను. రాత్రంతా గండుపిల్లులు గోడల మీద కొట్లాడుకుంటుంటే, పొద్దున్నే గుమ్మంలో ఆ కంపు కొడుతుంటే ఎవరికైనా విసుగే. కానీ ఈ పద్ధతి పనిచేయదు. పిల్లులు ఒకచోట చేరాయంటే అక్కడ తిండి, తలదాచుకునే చోటు ఉన్నట్టే. పిల్లుల్ని తీసేసినా ఆ రెండూ అక్కడే ఉంటాయి కాబట్టి పక్కవీధి పిల్లులు వచ్చి చేరతాయి. దొరక్కుండా మిగిలిన ఒకటి రెండు ఆడపిల్లులు చాలు, లోటు పూడ్చడానికి. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు రావచ్చు. సుమారు 9 వారాల్లో ఈని, కూనలకు పాలిస్తూనే మళ్లీ చూలు కట్టగలదు. ఇక దూరంగా వదిలేసినవి ఏమవుతాయో మన కంట పడదు, అందుకే ఆ పని సులువుగా అనిపిస్తుంది.

బోనుతో పట్టి, కు.ని. ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, పట్టినచోటే వదలడం మేలైన దారి. ఇటలీ 1991లోనే దీన్ని చట్టంలో రాసుకుంది: స్వేచ్ఛగా తిరిగే పిల్లులను హింసించకూడదు, ఆపరేషన్ చేసి వాటి గుంపులోకే చేర్చాలి. మత్తులో ఉండగానే ఒక చెవి కొస కొద్దిగా కత్తిరిస్తారు. చూడ్డానికి మనసొప్పదు గానీ, ఆ గుర్తు లేకపోతే ఆపరేషన్ అయిన పిల్లినే మళ్లీ పట్టి, మళ్లీ మత్తివ్వాల్సి వస్తుంది.

అయితే ఇది కూడా అక్కడొకటి ఇక్కడొకటి చేస్తే దండగే. గుంపులో సగం పిల్లులకు చేసి ఊరుకుంటే మిగతా సగం ఈనుతూనే ఉంటాయి. కనీసం నాలుగింట మూడొంతులకు, వీలైతే అన్నింటికీ చేశాకే ఇంకో వీధికి వెళ్లాలి. కొత్తగా ఏ పిల్లి వచ్చి చేరినా వెంటనే పట్టాలి. "ఇన్ని ఆపరేషన్లు చేశాం" అని అధికారులు చెప్పే లెక్క నన్ను ఒప్పించదు. ఎన్ని గుంపుల్లో పని పూర్తయిందో చెప్పమనండి.

ఆ పని పూర్తి కావాలంటే రోజూ తిండి పెట్టేవాళ్లు కావాలి. ఎన్ని పిల్లులున్నాయో, ఏది ఏ వేళకు వస్తుందో, ఏది చూలుతో ఉందో వాళ్లకే తెలుసు. తల్లిపిల్లి కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, అవి ఇప్పుడు ఏ ఇంట ఉన్నాయో చెప్పగలిగేదీ వాళ్లే. అది తెలియకుండా పాలిచ్చే తల్లిని పట్టుకెళితే కూనలు ఆకలితో చస్తాయి. ముందురోజు రాత్రి తిండి ఆపేదీ వాళ్లే. ఆకలి ఉంటేనే పిల్లి బోనెక్కుతుంది, కడుపు ఖాళీగా ఉంటేనే మత్తు ఇవ్వడం క్షేమం. తలుపు పడగానే పిల్లి చువ్వలకేసి బాదుకుంటుంది. వెంటనే బోను మీద దుప్పటి కప్పితే సద్దుమణుగుతుంది, లేకపోతే మూతి చీరుకుంటుంది. ఇంత పనికొచ్చే మనుషుల్నే మనం తిట్టి తరుముతున్నాం. వాళ్లకూ ఒక మాట: ఆపరేషన్ చేయించకుండా తిండి మాత్రమే పెడితే వచ్చే ఈతను పోషిస్తున్నట్టే. వేళకు పెట్టండి, మిగిలింది తీసేయండి.

పక్షుల కోసం బాధపడేవాళ్ల మాటా నిజమే. ఆపరేషన్ అయిన పిల్లి కూడా వేటాడుతుంది. అరుదైన పక్షులు గూళ్లు కట్టే చోట పిల్లుల్ని తిరిగి వదలకూడదు. అక్కడివాటికి ఆశ్రయమో, పెంచుకునే ఇల్లో చూడాల్సిందే.

స్థానిక సంస్థలు బోన్లు అరువివ్వాలి, ఆపరేషన్‌కు ఒక పశువైద్యుడిని, ఒక రోజును కేటాయించాలి, పని పూర్తయిన వీధుల జాబితా బయటపెట్టాలి. పెంపుడు పిల్లులకు కూడా అదే రోజున ఆపరేషన్ చేస్తే, వీధిలోకి వచ్చిపడే కూనలు సగం అక్కడే ఆగుతాయని నా నమ్మకం.

ఇట్లు,
ఒక పాఠకురాలు